కాడి మీద ఎంత బరువు? హిచ్ కొనేముందు టంగ్ వెయిట్ లెక్క

దృశ్యం: టెక్సాస్‌లో ఇంటి ముందు డ్రైవ్‌వే. ఎస్‌యూవీ వెనక క్యాంపర్ ట్రైలర్.

నమస్కారమండి. అమెరికాలో మనవాళ్లు క్యాంపర్ కొనగానే అడిగే మొదటి ప్రశ్న, "నా బండి ఎన్ని పౌండ్లు లాగుతుంది?" అని. లాగడం సరే. ఆ ట్రైలర్ మీ బండి వెనక భాగం మీద ఎంత బరువు మోపుతుందో చూశారా? ట్రైలర్ ముందుకి పొడుచుకొచ్చే నొగలాంటి భాగం టంగ్. దాన్ని తగిలించడానికి బండి వెనక బిగించే ఇనుప అమరిక హిచ్. టంగ్ ఆ హిచ్ మీద మోపే బరువునే టంగ్ వెయిట్ అంటారు.

ఊళ్లో ఎడ్లబండికి బస్తాలు వేయడం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. బస్తాలన్నీ వెనక్కి వేస్తే కాడి పైకి లేచి ఎడ్ల గొంతు పట్టేస్తుంది. ముందుకి వేస్తే మెడ మీద కూర్చుంటుంది. అందుకే మా తాతయ్య బస్తాలు వేయించాక నొగ ఎత్తి తూగు చూసుకునేవారు. ట్రైలర్ కూడా అంతే. టంగ్ వెయిట్ తక్కువైతే హైవే మీద వెనకున్న ట్రైలర్ తోకలా ఊగుతుంది. ఎక్కువైతే మన బండి వెనక కుంగి, ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

మామూలు బంపర్ పుల్ ట్రైలర్‌కి, అంటే బండి వెనకున్న హిచ్‌కి తగిలించి లాగేదానికి, సామాను నింపిన బరువులో 10 నుంచి 15 శాతం టంగ్ మీద ఉండాలి.

దృశ్యం: బ్రోషర్ దగ్గరగా.

మా ట్రైలర్ బ్రోషర్‌లో 3,700 పౌండ్లు, టంగ్ వెయిట్ 400 అని ఉంది. అది ఖాళీ ట్రైలర్ లెక్క. ముందు బిగించే బ్యాటరీ, గ్యాస్ సిలిండర్లు చాలాసార్లు అందులో కలవవు. అవి రెండూ సరిగ్గా టంగ్ మీదే కూర్చుంటాయి! మా సామాను సర్దాక ట్రైలర్ 4,600కి చేరింది. దయచేసి బ్రోషర్ అంకె చూసి హిచ్ కొనకండి.

దృశ్యం: నేల మీద దూలం, ఇటుక మీద పైపు, బాత్‌రూమ్ స్కేలు.

ఇంట్లోనే తూచొచ్చు. సమతలమైన నేల మీద ట్రైలర్ నిలిపి, చక్రాలకి చెక్కముక్కలు అడ్డం పెట్టండి. గట్టి దూలం ఒక కొస పైపు మీద, రెండో కొస స్కేలు మీద. పైపుకి, స్కేలుకి మధ్య సరిగ్గా 3 అడుగులు. ముందు ఉత్త దూలానికి స్కేలు ఎంత చూపిస్తుందో రాసుకోండి, తర్వాత తీసేయాలి. ఇప్పుడు పైపు నుంచి 1 అడుగు దూరంలో కప్లర్ బరువు దూలం మీద పడేలా దించండి. టంగ్‌ని నిలబెట్టే కాలు, అంటే జాక్ కాదు; టంగ్ కొసన హిచ్‌కి తగిలే భాగం, అంటే కప్లర్. చివరికి వచ్చిన అంకెని 3తో గుణించాలి. మాకు 185 వచ్చింది. అంటే 555 పౌండ్లు, 12 శాతం.

ఇంత తంటా వద్దనుకుంటే ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్, అంటే బండ్లని తూచే కాటా ఉంటుంది. ట్రైలర్ తగిలించి ఒకసారి, విప్పి ఒకసారి తూచి, మీ బండి ఇరుసుల మీది తేడా తీయండి.

ఇక హిచ్. సాధారణంగా క్లాస్ 1 టంగ్ మీద 200 పౌండ్లు మోస్తుంది, క్లాస్ 2 అయితే 350, క్లాస్ 3 అయితే 800. మాకు క్లాస్ 3. కానీ బండి మాన్యువల్‌లో పరిమితి 600. హిచ్, కప్లర్ కూర్చునే గుండు (బాల్), ఆ గుండుని మోస్తూ హిచ్‌లో దూరే ఇనుప కడ్డీ (బాల్ మౌంట్), బండి, వీటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు.

దృశ్యం: డ్రైవర్ డోర్ తెరిచి స్టిక్కర్.

చాలామంది చూడనిది ఇదే. మనుషులు, సామాను కలిపి 1,200 పౌండ్లు దాటకూడదని ఇక్కడ రాసుంది. టంగ్ వెయిట్ కూడా ఇందులోంచే పోతుంది. మేం నలుగురం 560, డిక్కీలో 150. మిగిలింది 490. టంగ్ 555! హిచ్ సరిపోయింది, బండి సరిపోలేదు.

డిక్కీ సామాను తీసి ట్రైలర్‌లో సరిగ్గా ఇరుసు మీద పెట్టాం. టంగ్ మారలేదు, బండికి 640 మిగిలింది. బాల్ మౌంట్ ఇనుము 30 పోయినా ఇంకా 55 ఖాళీ.

నీళ్ల ట్యాంకు సంగతి చూసుకోండి. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లకి పైనే. మా 20 గ్యాలన్ల ట్యాంకు ఇరుసు వెనక ఉంది. నింపి తూస్తే టంగ్ 510కి పడిపోయి, పది శాతం అంచుకి వచ్చింది. అందుకే ఖాళీ ట్యాంకుతో బయల్దేరి, నీళ్లు క్యాంపులోనే పట్టుకుంటాం.