కోడును కన్ను చదివే తీరు, కంపైలర్ చదివే తీరు

సభకు నమస్కారం.

ఇండెంటేషన్‌కు, అంటే కోడు వరుసలను లోపలికి జరిపి రాయడానికి, ట్యాబ్ వాడాలా, స్పేస్‌లు వాడాలా అన్న తగవు చాలాకాలంగా నడుస్తోంది. దానికి తీర్పు చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఒకే కోడును మనిషి ఒక రకంగా, దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ మరో రకంగా చదివినప్పుడు ఏం జరుగుతుందన్నదే నేటి నా విషయం.

ఆపిల్ సంస్థ 2014 ఫిబ్రవరిలో ఐఫోన్‌కు ఒక భద్రతా లోపాన్ని సరిచేస్తూ అప్‌డేట్ ఇచ్చింది. లోపం ఉన్న ఆ సి భాషా కోడులో, ఒక ఇఫ్ షరతు కింద ‘గోటూ ఫెయిల్’ (‘ఫెయిల్’ అన్న చోటికి దూకమనే ఆదేశం) అన్న వరుస రెండుసార్లు పడింది. రెండూ సమానంగా లోపలికి జరిగి ఉండటంతో, చూసేవారికి రెండూ ఆ షరతుకు లోబడినట్టే అనిపిస్తాయి; కానీ ఫ్లవర్ బ్రాకెట్లు లేనందువల్ల కంపైలర్ మొదటిదాన్నే షరతుకు ముడిపెట్టి, రెండోదాన్ని షరతుతో పనిలేకుండా ప్రతిసారీ అమలయ్యేలా చేసింది. దాంతో సర్వర్ పంపిన డిజిటల్ సంతకాన్ని సరిచూడవలసిన దశను దాటేసి, అంతా సవ్యంగా ఉన్నట్టు ఫలితం వచ్చేది. ఇలాంటి మోసపుచ్చే ఇండెంటేషన్‌ను పట్టుకునే హెచ్చరిక 2016లో జీసీసీ అనే కంపైలర్ 6వ వెర్షన్‌తో వచ్చింది.

పైథాన్ భాషలో ఏ వరుస దేనికి లోబడిందో ఇండెంటేషనే తేలుస్తుంది కనుక ఈ తరహా తేడాకు చోటు తక్కువ. ట్యాబ్‌లనూ స్పేస్‌లనూ అస్తవ్యస్తంగా కలిపితే పైథాన్ 3 ప్రోగ్రామును నడపనే నడపదు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రభాగమైన కెర్నెల్‌ను రాసేవారు ట్యాబ్‌కు 8 అక్షరాల వెడల్పు పెట్టుకున్నారు, మూడు మెట్లకు మించి లోపలికి పోతే ప్రోగ్రామునే సరిచేసుకోమని కాస్త కటువుగానే చెబుతారు. గో భాష తనతోపాటే, కోడును ఒకే తీరులో సర్దే గోఫ్మ్ట్ అనే పనిముట్టును ఇచ్చి ఈ బాధ్యతను యంత్రానికి అప్పగించింది. నా మొగ్గు దానివైపే. అయితే పాత ప్రాజెక్టును అలా సర్దేటప్పుడు ఆ మార్పును విడి కమిట్‌గా, అంటే మార్పుల చరిత్రలో విడి నమోదుగా, పెట్టాలి, లేకుంటే వేల వరుసల సర్దుబాటులో అసలు మార్పు కనబడకుండా పోతుంది.

ఇక ఫాంట్. సున్నాకూ ఇంగ్లీషు ‘ఓ’కూ, ఒకటి అంకెకూ చిన్న బడి ‘ఎల్’కూ తేడా చూపని ఫాంట్ ఎంత అందంగా ఉన్నా కోడుకు పనికిరాదు. ప్రతి అక్షరానికీ సమానమైన వెడల్పు ఇచ్చే ఫాంట్లను వాడేది నిలువు వరుసలు కుదరడానికే, కానీ ఆ ఏర్పాటు తెలుగుకు ఇమడదు. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒక్క అక్షరమే, కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో మాత్రం ఆరు సంకేతాలు. దాని వెడల్పును ఒక్కో ఎడిటర్ ఒక్కో రకంగా లెక్కిస్తుంది. కనుక కోడులో తెలుగు వ్యాఖ్యలు (కామెంట్లు) రాసేవారు వాటిని కోడు పక్కన నిలువుగా పేర్చే ప్రయత్నం చేయకుండా, కోడుకు పైన విడి వరుసలో రాయడం మేలు.