విశాఖలో మొదటి కెమెరా: కొనే ముందు మీ ఫోన్ గ్యాలరీ తెరవండి

[దృశ్యం: ఆర్కే బీచ్, తెల్లవారుతోంది. వెనకాల కురుసుర సబ్‌మెరైన్.]

నమస్తే అండీ. "అన్నా, చేతిలో 50 వేలున్నాయి, ఏ కెమెరా కొనమంటావ్?" అని అడిగేవాళ్లని నేను ముందు ఫోన్ ఇమ్మంటాను. చివరి రెండొందల ఫొటోలు చూస్తాను. మనుషుల ముఖాలు ఎక్కువున్నాయా, సముద్రమా, బిర్యానీ ప్లేట్లా? మీ స్టైల్ సగం అక్కడే బయటపడిపోతుంది.

[టేబుల్ మీద కెమెరా, రెండు లెన్సులు.]

ఇక సామాను. మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరా, కొత్తది కొన్నా, అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా నేర్చుకోవడానికి తేడా లేదు. పాతది కొంటుంటే లోపల బూజు పట్టిందేమో లెన్స్‌లోకి టార్చ్ వేసి చూడండి. ఫుల్‌ఫ్రేమ్, అంటే ఫొటోని పట్టే సెన్సర్ పెద్దగా ఉండే కెమెరాల జోలికి మాత్రం ఇప్పుడే పోకండి, లెన్స్ లేకుండా ఒట్టి బాడీకే డబ్బంతా అయిపోతుంది.

కెమెరాతోపాటు కిట్‌లో వచ్చే 18-55 ఎంఎం జూమ్ లెన్స్‌ని చాలామంది చిన్నచూపు చూస్తారు. నెల రోజులు దాంతోనే తీయండి. తర్వాత ఒక్కో ఫొటో డీటెయిల్స్ తెరవండి. ఎన్ని ఎంఎం దగ్గర తీశారో అందులో ఉంటుంది. ఆ అంకె తగ్గితే ఎక్కువ దృశ్యం పడుతుంది, పెరిగితే దూరంది దగ్గరగా కనిపిస్తుంది. అన్నీ 18 దగ్గరే ఉంటే మీకు ఇంకా వైడ్ కావాలి. 55 దగ్గర ఆగిపోయి ఉంటే జూమ్ చాలట్లేదని అర్థం. నాకు 35 అని తేలింది. ఎందుకో చెప్తాను.

[ఫిషింగ్ హార్బర్. గంపలు, వేలం పాట కేకలు.]

ఇక్కడ అసలు సందడంతా తెల్లారే వేళకే. వెలుతురు చాలదు. లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పేది ఎఫ్ అంకె, అది తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ. కిట్ లెన్స్ జూమ్ చివర ఎఫ్ 5.6. ఎఫ్ 1.8 లెన్స్ దానికి దాదాపు పదింతల వెలుతురు లోపలికి రానిస్తుంది. అందరూ చెప్పారని నేనూ 50 ఎంఎం ఎఫ్ 1.8 కొన్నాను. ఫుల్‌ఫ్రేమ్ కాని మన చిన్న సెన్సర్ మీద అది 75లా పనిచేస్తుంది, కానన్ అయితే 80. అంటే అంతా ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. ముఖం ఫ్రేములో పట్టాలంటే వెనక్కి జరగాలి. వెనక చేపల గంప! అందుకే నాకు 35. "చేప కొనకుండా ఫొటోలేటి బాబూ?" అని ఓ అమ్మ అరిచింది కూడా. న్యాయమే. అప్పట్నుంచి ముందు అడుగుతాను, తర్వాతే తీస్తాను. అన్నట్టు, నేవీ వాళ్ల బోర్డు కనిపిస్తే కెమెరా సంచిలోనే ఉంచండి.

[లెన్స్ క్లోజప్: గాజు లోపల తెల్లటి సాలెపోగుల్లాంటి గీతలు.]

ఇది నా మొదటి లెన్స్. ఒక వానాకాలమంతా లెదర్ బ్యాగులో పెట్టి బీరువాలో వదిలేశాను. ఫంగస్, అంటే బూజు పట్టేసింది. మన ఊళ్లో రెండో లెన్స్ కన్నా ముందు కొనాల్సింది గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. బీచ్ నుంచి రాగానే బాడీని కొద్దిగా తడిపిన గుడ్డతో, ఆ తర్వాత పొడిగుడ్డతో తుడవండి, ఉప్పు పోతుంది. ఏసీ గదిలోంచి బయటికెళ్తే కెమెరాని కాసేపు సంచిలోనే ఉంచండి, లేదంటే లెన్స్ మీద ఆవిరి పడుతుంది.

[మళ్లీ ఆర్కే బీచ్. సూర్యుడు నీళ్లపైకి వచ్చాడు. ఒడ్డున వలతో ఒక ముసలి జాలరి.]

స్టైల్ దగ్గరికొద్దాం. మన సముద్రం తూర్పున ఉంది. ఇప్పుడు నీళ్లవైపు తీస్తే చేతిలోని వలలాగే ఆ జాలరీ నల్లటి ఆకారంగా వస్తాడు. అదే నేను నీళ్లలోకి దిగి, సముద్రానికి వీపు పెట్టి తీస్తే, ఆయన ముఖం మీద ప్రతి ముడతా కనిపిస్తుంది. కెమెరా అదే, లెన్స్ అదే. నాకు ముడతలే ఇష్టం, అందుకే ప్యాంటు మోకాళ్లదాకా తడిసింది.

[కెమెరా నెమ్మదిగా ఒడ్డువైపు తిరుగుతుంది. క్లిక్ శబ్దం.]