ఏసీ కొనేముందు మన గంటల లెక్క

శ్రోతలకు నమస్కారం.

మన ఎండలకు తగిన ఏసీని, కరెంటు తక్కువ తినేదాన్ని ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు కాబట్టి, దుకాణం మెట్లెక్కే ముందు ఒక బకెట్ సంగతి చెబుతాను. మచిలీపట్నంలో మా పడకగది ఏసీ నీటిగొట్టం కింద రాత్రి పదింటికి పెట్టిన బకెట్ మే నెలలో తెల్లవారేసరికి పది లీటర్ల దాకా నిండుతుంది. అనంతపురంలో మా అక్క వాళ్ళింట్లో, అదే సైజు యంత్రం కింద, అదే నెలలో పెట్టి చూస్తే రెండు చెంబుల నీళ్ళు కూడా చేరలేదు. ఆ పది లీటర్లూ గదిలోని గాలిలో ఆవిరిగా ఉన్న నీళ్ళే. ఆవిరి ఒక లీటరు నీరుగా మారాలంటే అందులో దాగి ఉన్న వేడిని, అంటే దాదాపు 0.68 యూనిట్లకు సమానమైన వేడిని, యంత్రం లాగి బయట పారబోయాలి. మంచి ఏసీ ఒక యూనిట్ కరెంటుతో సుమారు నాలుగు యూనిట్ల వేడిని బయటికి తోస్తుందనుకుంటే, గది చల్లబడడం మాట అటుంచి, మా బకెట్ నిండడానికే రాత్రికి ఒకటిన్నర యూనిట్లకు పైగా ఖర్చవుతోందన్నమాట.

కోస్తాలో ఏసీ గదిని చల్లబరచడంతో పాటు గాలిని ఆరబెట్టే పని కూడా చేస్తుంది. అనంతపురం వంటి పొడి ప్రాంతంలో ఈ రెండో పని దాదాపు ఉండదు. అందుకే అక్కడివారు అసలు ఏసీ కావాలా అన్న ప్రశ్న ముందు వేసుకోవడం మంచిది. పొడిగాలిలో నీళ్ళు చకచకా ఆవిరవుతాయి కాబట్టి, ఏసీ తినే కరెంటులో చిన్న భాగంతోనే కూలర్ గదిని హాయిగా ఉంచుతుంది. అదే కూలర్‌ను మచిలీపట్నంలోనో కాకినాడలోనో పెడితే ఉన్న ఉక్కకు మరింత ఉక్క తోడవుతుంది.

ఇక సైజు విషయం. టన్ను అన్న మాట మంచు రోజుల నుంచి వచ్చింది. సుమారు 907 కిలోల మంచుగడ్డ 24 గంటల్లో కరిగేటప్పుడు ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని అంతే సమయంలో లాగగల యంత్రాన్ని ఒక టన్ను యంత్రం అంటారు. నేటి కొలతలో అది దాదాపు 3,500 వాట్లు. ఆ లెక్కన ఒకటిన్నర టన్నుకు 5,200 వాట్లకు పైగా రావాలి. కానీ ఆ పేరుతో అమ్మే యంత్రాల లేబుళ్ళు చదివితే 4,800 అనీ, 5,000 అనీ కూడా కనిపిస్తుంది. కనుక టన్నుల మాట పక్కన పెట్టి వాట్లు చూడండి. ఆ వాట్లు కూడా బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచినవి. రెంటచింతలలోనో రామగుండంలోనో పాదరసం 45 డిగ్రీలకు చేరిన మధ్యాహ్నం, ఏ యంత్రమైనా అంతకంటే తక్కువే చల్లబరుస్తుంది.

అలాగని రెండు టన్నులది తీసుకోండి అన్న అమ్మకందారు సలహాకు తలూపకండి. మధ్య అంతస్తులో 120 చదరపు అడుగుల పడకగదికి ఒక టన్ను సరిపోతుంది. 150 నుంచి 180 అడుగుల గదికి, లేదా పైన డాబా, పడమర గోడ ఉన్న చిన్న గదికి ఒకటిన్నర కావాలి. గదికి మించిన యంత్రం పెడితే అది చప్పున చల్లబరచి, గాలిలో తేమ పిండక ముందే విశ్రాంతి తీసుకుంటుంది. తడి దుప్పటి కప్పుకున్నట్టు, చల్లగానే ఉన్నా జిడ్డుగా ఉండే ఆ గదుల్లో మీరూ పడుకునే ఉంటారు. పై అంతస్తువారు అదనపు అర టన్నుకు పెట్టే డబ్బులో కొంత ముందు డాబాకు తెల్లరంగు వేయించడానికి పెడితే మేలని నా అభిప్రాయం. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా గదిలోకి వేడిని వదులుతూనే ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానాన్నే ప్రకటించింది.

ఇప్పుడు నక్షత్రాల లేబుల్. కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇచ్చే ఈ లేబుల్ గది ఏసీలకు 2010 నుంచి తప్పనిసరి. 2018 నుంచి, అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ యంత్రాలకూ, ఒకే వేగంతో నడిచే పాతరకం వాటికీ ఒకే కొలమానం పెట్టారు. ఐఎస్ఈఈఆర్ అని లేబుల్ మీద కనిపించే ఆ అంకె, సీజను మొత్తంలో యంత్రం లాగిన వేడిని, తిన్న కరెంటుతో భాగిస్తే వచ్చేది. అది ఎంత పెద్దదైతే అంత మంచిది. నక్షత్రాల కంటే దీన్నే నమ్మమంటాను, ఎందుకంటే నక్షత్రాల పట్టికను అప్పుడప్పుడు కఠినం చేస్తుంటారు. స్ప్లిట్ ఏసీకి 2018 పట్టికలో 4.5 వస్తే ఐదు నక్షత్రాలు. 2022 జులైలో వచ్చిన పట్టికలో ఐదు నక్షత్రాలకు 5.0 కావలసి వచ్చి, ఆ పాత 4.5 యంత్రం నాలుగుకు దిగింది. తగ్గింపు ధరకు అమ్ముతున్న పాత సరుకు మీద లేబుల్ ఏ సంవత్సరానిదో చూడడం అందుకే.

అదే లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని మరో అంకె ఉంటుంది. అది 1,600 గంటల వాడకానికి, అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున 200 రోజులకు వేసిన లెక్క. మీ వాడకం అంత ఉందా? ఉదాహరణకు మూడు నక్షత్రాల యంత్రం మీద 950 యూనిట్లు, ఐదు నక్షత్రాల దాని మీద 750 యూనిట్లు ఉన్నాయనుకుందాం. తేడా 200 యూనిట్లు. దీన్ని బిల్లులోని సగటు ధరతో గుణించకూడదు. ఏసీ యూనిట్లు మిగతా వాడకం పైన వచ్చి చేరతాయి కాబట్టి, వాటికి పై శ్లాబు ధర, అంటే వాడకం పెరిగేకొద్దీ పెరిగే రేట్లలో పై మెట్టు ధర, పడుతుంది. నెలకు 300 యూనిట్లు దాటే ఇంట్లో అది దాదాపు తొమ్మిది రూపాయలు. అంటే ఏడాదికి 1,800 రూపాయల ఆదా. రెండు యంత్రాల ధరలో తేడా 9,000 అయితే ఐదేళ్ళలో తిరిగి వస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రిపూట మాత్రమే వేసుకుని, ఏడాదికి 800 గంటలు కూడా దాటని ఇంట్లో అదే డబ్బు తిరిగి రావడానికి పదేళ్ళు పడుతుంది. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తూ పగలూ రాత్రీ కలిపి 3,200 గంటలు వాడేవారికి రెండున్నరేళ్ళు చాలు. మొదటివారికి మూడు నక్షత్రాలే తెలివైన బేరం, రెండోవారికి ఐదుకు తగ్గకూడదు.

మిగతావి త్వరగా చెబుతాను. ఎక్కువ గంటలు వాడేవారు ఇన్వర్టర్ రకమే తీసుకోండి. గది చల్లబడ్డాక అది ఆగకుండా వేగం తగ్గించుకుని నడుస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో రాగి కాయిల్, దాని మీద తుప్పు పట్టని పూత ఉన్నదే కొనాలి. 2020 నుంచి నక్షత్రాల లేబుల్ ఉన్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో అంచనా. 26 పెట్టి, ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే మచిలీపట్నంలో కూడా నిద్ర బాగానే పడుతుంది. బయటి యూనిట్‌ను అపార్ట్‌మెంట్ డక్టులో ఇరికిస్తే అది వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది, ఐదు నక్షత్రాలూ అక్కడే రాలిపోతాయి.

చివరగా బిగించే రోజు. రాగి పైపుల్లో ఉన్న గాలిని, తేమను వ్యాక్యూమ్ పంపుతో పూర్తిగా లాగిన తరువాతే గ్యాసు వదలాలి. మా మొదటి ఏసీకి వచ్చిన కుర్రవాడు పంపు తేలేదు. నట్టు కాస్త వదులు చేసి, బుస్సుమని గ్యాసు పోనిచ్చి, గాలంతా పోయింది సార్ అన్నాడు. మరుసటి వేసవికే చల్లదనం తగ్గింది. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్-32 గ్యాసు పాత ఆర్-410ఎ కంటే భూమిని తక్కువగా వేడెక్కిస్తుంది కానీ, కొద్దిగా మండే గుణం ఉన్నది కాబట్టి ఇంట్లో అలా వదిలేయడం ప్రమాదం కూడా. రెండో ఏసీ బిగించేటప్పుడు, పంపు తెచ్చావా నాయనా అని గుమ్మంలోనే అడిగాను. అతను ఒక క్షణం నా ముఖం చూసి, కిందికి వెళ్ళి, బైకు వెనకాల కట్టిన సంచిలోంచి పంపు తీసుకొచ్చాడు. అది తిరిగిన ఇరవై నిమిషాలూ నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.