దిండు మోకాలి కింద వద్దు

పెద్దలందరికీ నమస్కారం. నేను ఫిజియోథెరపిస్టుని. మోకాలి మార్పిడి ఆపరేషన్ చేసేది సర్జన్‌గారు. మర్నాడు, ఒక్కోసారి అదే సాయంత్రం, మిమ్మల్ని మంచం దింపి వాకర్‌తో నాలుగడుగులు వేయించేది నేను.

"గుజ్జు అరిగిపోయింది, చిప్పలు మార్చాలన్నారు" అంటూ వస్తుంటారు. అసలు మార్చేది చిప్పను కాదండీ. తొడ ఎముక చివరా, దాని కిందున్న కాలి ఎముక పైభాగమూ అరిగినంత మేర కొద్ది మిల్లీమీటర్లు చెక్కి, పైదానికి లోహపు తొడుగు, కిందిదానికి లోహపు పళ్లెం, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక అమరుస్తారు. చిప్పను చాలామందికి అలాగే ఉంచేస్తారు, లేదంటే దాని లోపలివైపు చిన్న బిళ్ల అతికిస్తారు. పంటికి క్యాప్ వేయించుకున్నవాళ్లకు ఈ మాట చెబితే సగం భయం పోతుంది.

ఖర్చు సంగతి ఒక్క మాట. 2017 ఆగస్టులో కేంద్రం ఈ పరికరాల ధరలకు కళ్లెం వేసింది. ఎక్కువమందికి వాడే కోబాల్ట్ క్రోమియం అనే లోహపు రకానికి అప్పుడు పెట్టిన గరిష్ఠ ధర 54,720 రూపాయలు, పన్ను అదనం. బిల్లులో ఆ పరికరానికి ఎంత వేశారో అడగడం మీ హక్కు.

ఎక్స్‌రే చూసి మాత్రం హడలిపోకండి. ఫిల్ములో ఎముకలు రాసుకుంటున్నా హాయిగా బజారుకెళ్లి వచ్చేవాళ్లున్నారు. బరువు తగ్గించి, తొడ కండకు వ్యాయామం చేసి, మందులు వాడినా రాత్రి నొప్పికి నిద్ర పట్టడం లేదా, బాత్రూమ్ దాకా నడవలేకపోతున్నారా? అప్పుడు వాయిదా వేయొద్దు. ఏళ్లు గడిచేకొద్దీ తొడ కండ కరిగిపోతుంది, కాలు వంకరలోనే బిగుసుకుంటుంది.

ఇక నా మనసులో ముల్లులా ఉన్న సంగతి. ఒక పెద్దావిడకు ఆపరేషన్ చక్కగా జరిగింది. ఇంటికెళ్లాక కోడలు ప్రేమతో మోకాలి కింద మెత్తటి దిండు పెట్టేది. నొప్పి తగ్గినట్టుండేది, ఆవిడా తీయనిచ్చేవారు కాదు. ఆరు వారాలకు వచ్చేసరికి కాలు పూర్తిగా చాపలేకపోయారు. దాన్ని మళ్లీ సాగదీయడానికి నెలలు పట్టింది, ఆవిడ ఏడ్చిన రోజులున్నాయి. జాగ్రత్తలు ఆవిడకు చెప్పాను గానీ, ఆ కోడలికి చెప్పలేదు. అందుకే ఇవాళ కొడుకుల్నీ కోడళ్లనీ కూడా రమ్మన్నాను. దిండు పెడితే మడమ కింద పెట్టండి, మోకాలి కింద ఖాళీ ఉండాలి.

ఇప్పుడు ముందు వరుసలోవాళ్లు కుర్చీలో వెనక్కి ఆనుకోండి. కుడికాలు తిన్నగా చాపండి. వేళ్లు మీవైపు లాగి, తొడ కండ బిగించండి. నాతోపాటు లెక్కపెట్టండి... ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. దించండి. ఇప్పుడు ఎడమకాలు.