కొత్త ఈవీ కొనాలా, ఏడాది వాడిన ఈవీ కొనాలా? శ్రీకాకుళం రోడ్ల మీద లెక్క చూద్దాం

నమస్తే అండి. నా వెనక కనిపిస్తున్నది నాగావళి. ఇక్కడ ఆపి ఉన్న ఎలక్ట్రిక్ కారు మా బావది. ఇది కొనే ముందు మా ఇంట్లో రెండు నెలలు ఒకటే చర్చ. షోరూమ్ నుంచి కొత్తదే తేవాలని అక్క పట్టు. ఏడాదో ఏడాదిన్నరో వాడిన బండి చాలని బావ అన్నారు. తేల్చే పని నా మీద పడింది. ఆ రెండు నెలల్లో నేర్చుకున్నది మీకు చెప్తాను. పది లక్షలు దాటే వస్తువు కదా, తొందరపడి తీసుకుని తర్వాత ఎవరూ బాధపడకూడదు.

ముందు మీ రోడ్డు లెక్క వేయండి. బ్యాటరీ సైజు కిలోవాట్ అవర్లలో చెప్తారు. మన కరెంటు బిల్లులో యూనిట్ అనేది అదే. ఏసీ వేసుకుని హైవే మీద ఎనభై, తొంభైలో వెళ్తే యూనిట్‌కి 6 కిలోమీటర్లు వస్తాయని వేసుకోండి. కంపెనీ చెప్పే అంకెను నమ్ముకుని బయల్దేరకండి. 2020లో వచ్చిన మొదటి టాటా నెక్సాన్ ఈవీనే తీసుకోండి. బ్యాటరీ 30.2 యూనిట్లు, పరీక్షలో వచ్చిన రేంజ్, అంటే ఒక్క ఛార్జ్‌కి వెళ్లే దూరం, 312 కిలోమీటర్లు. మన లెక్కలో అది 180 చిల్లర.

మా బావ ఉద్యోగం పైడిభీమవరంలో. శ్రీకాకుళం నుంచి రానూపోనూ సుమారు 80 కిలోమీటర్లు. అంటే రోజుకు 13, 14 యూనిట్లు. ఇంట్లో 15 ఆంప్స్ సాకెట్‌కి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి నిండిపోతుంది. దీనికి చిన్న బ్యాటరీ కూడా చాలు. కానీ ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే మనం పరిగెత్తేది విశాఖపట్నానికి. ఒకవైపే 110 కిలోమీటర్లు. 24 యూనిట్ల టియాగో ఈవీ వెళ్లగలదు గానీ అక్కడ ఛార్జ్ చేయకుండా తిరిగి రాలేదు. 40 యూనిట్ల బండి వెళ్లి వచ్చేస్తుంది. ఆస్పత్రి బయట ఛార్జర్ కోసం వెతుక్కునే టెన్షన్ ఉండదు.

ఇక్కడే నాకు అసలు విషయం అర్థమైంది. మన చేతిలో ఉన్న డబ్బుకు కొత్త చిన్న బ్యాటరీ వస్తుందా, వాడిన పెద్ద బ్యాటరీ వస్తుందా? మీరు తేల్చుకోవలసింది ఇదే. బ్యాటరీ ఆరోగ్యంగా ఉందని రుజువైతే మన జిల్లాలో నా ఓటు పెద్ద బ్యాటరీకే. రుజువు కాకపోతే కొత్తదే కొనండి.

ఇప్పుడు ధర. అమ్మేవాళ్లు "నేను ఇంత పెట్టి కొన్నాను" అంటారు. ఆ మాట పక్కన పెట్టి, అదే మోడల్ ఈరోజు షోరూమ్‌లో ఎంత ఉందో కనుక్కోండి. ఈవీల ధరలు పడుతుంటాయి. 2024 ఫిబ్రవరిలో టాటా నెక్సాన్ ఈవీ ధర 1.2 లక్షల దాకా తగ్గించారు. జనవరిలో కొన్నవాళ్ల బండి విలువ నెల తిరక్కుండానే దిగిపోయింది. ఇన్సూరెన్స్ వాళ్లు విలువ కట్టేటప్పుడు ఆరు నెలలు దాటిన బండికి 15 శాతం, ఏడాది దాటితే 20 శాతం తీసేస్తారు. మీ బేరం కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఏడాది దాటిన బండికి ఈరోజు కొత్త ధర మీద 20 శాతమైనా తగ్గించకపోతే వదిలేయండి.

లోన్ మీద కొనేవాళ్లు ఈ లెక్క కాగితం మీద రాసుకోండి. వడ్డీలు ఉదాహరణకే చెప్తున్నాను. కొత్త బండికి 10 లక్షలు, 9 శాతం, ఏడేళ్లు అయితే నెలకు సుమారు 16,090. వాడిన బండికి 8 లక్షలే, కానీ 13 శాతం, ఐదేళ్లు అయితే నెలకు 18,200. అప్పు తక్కువ, నెల కట్టేది ఎక్కువ! మొత్తం మీద రెండున్నర లక్షలు మిగులుతుంది నిజమే, కానీ ఐదేళ్లపాటు నెలనెలా ఆ రెండు వేలు ఎక్కువ కట్టగలరా అన్నది మీ జీతం చెప్పాలి.

డీలర్ దగ్గర వాడిన బండి కొంటే 18 శాతం జీఎస్టీ అని భయపెడతారు. అది మొత్తం ధర మీద కాదు, డీలర్‌కి మిగిలిన లాభం మీద. ఒక వ్యక్తి దగ్గర మీరు నేరుగా కొంటే జీఎస్టీ ఉండదు.

వారంటీ దగ్గర బాగా జాగ్రత్త. చాలా బండ్లకు బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఆ ఎనిమిదేళ్లు మొదటి యజమాని చేతికి బండి వచ్చిన రోజు నుంచి నడుస్తుంటాయి. ఎంజీ విండ్సర్, మహీంద్రా బీఈ 6 లాంటి వాటికి జీవితకాల వారంటీ అని వింటుంటారు. అది మొదటి యజమానికి మాత్రమే. మహీంద్రాలో రెండో యజమానికి వచ్చేసరికి అది 10 ఏళ్లు లేదా 2 లక్షల కిలోమీటర్లు అవుతుంది. షోరూమ్ డెమో కారు డీలర్ పేరు మీద రిజిస్టర్ అయి ఉంటే మీరు రెండో యజమానే. ఎంత కొత్తగా మెరుస్తున్నా సరే.

మేం మొదట చూసిన బండి విశాఖలో. ఏడాదిన్నర వయసు, 12,000 కిలోమీటర్లు, గీత కూడా లేదు. బావ అడ్వాన్స్ ఇవ్వబోయారు. నేను ఆపి, దగ్గర్లోని వీల్ అలైన్‌మెంట్ షాపులో పైకి లేపించాను. కింద బ్యాటరీ పెట్టె మీద జానెడు సొట్ట. ఏ రాయో, ఎత్తు స్పీడ్ బ్రేకరో గట్టిగా తగిలి ఉంటుంది. అమ్మే ఆయన "నడుస్తోంది కదండీ" అన్నారు. నడుస్తుంది. కానీ దెబ్బ తగిలి పాడైన బ్యాటరీకి వారంటీ రాదు, బండిలో అన్నిటికన్నా ఖరీదైనది అదే. ఆ రోజు బావ ముఖం చూస్తే నాకు చాలా బాధేసింది, అయినా వెనక్కి వచ్చేశాం. దయచేసి, కింద చూడకుండా రూపాయి కూడా ఇవ్వకండి.

తర్వాత విజయనగరంలో ఇంకొకటి దొరికింది. 40.5 యూనిట్ల నెక్సాన్, 14 నెలలది. కింద శుభ్రంగా ఉంది. ఇప్పుడు బ్యాటరీ ఎలా కొలిచామో చూడండి, మీరూ ఇలాగే చేయొచ్చు. ముందురోజు రాత్రి నూరు శాతం ఛార్జ్ చేయించాం. ట్రిప్ మీటర్ సున్నాకు తెచ్చాం. యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని శ్రీకాకుళం వెళ్లి తిరిగి వచ్చాం, 140 కిలోమీటర్లు. ఛార్జ్ 42 శాతానికి దిగింది, అంటే 58 వాడాం. కిలోమీటరుకు 165 వాట్ అవర్ ఖర్చయిందని స్క్రీన్ మీద ఉంది. 140ని 165తో హెచ్చవేస్తే 23,100 వాట్ అవర్లు, అంటే 23.1 యూనిట్లు. దాన్ని 0.58తో భాగిస్తే 39.8. కొత్తప్పుడు 40.5, ఇప్పుడు దాదాపు 40. పది, ఇరవై కిలోమీటర్లు తిప్పి ఈ లెక్క వేయకండి. శాతం అంకె ఒకటి అటూ ఇటూ అయినా తేడా పెద్దదైపోతుంది. సగం పైన ఖర్చవ్వాలి. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ హెల్త్ రిపోర్ట్ కూడా అడిగి తీసుకోండి.

నంబర్ ప్లేట్ చూడండి. ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు సొంత బండి, పసుపు అక్షరాలు ట్యాక్సీ. ట్యాక్సీ అయితే రోజూ ఫాస్ట్ ఛార్జింగ్ మీదే నడిచి ఉండొచ్చు, బ్యాటరీని ఇంకా జాగ్రత్తగా కొలవండి. విజయవాడ వైపు బండి అయితే 2024 సెప్టెంబరు వరదల్లో మునిగిందేమో ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర అడగండి. ఒడిశా బండి అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం కావాలి, దానికి ఫారం 28. లోన్ ఉన్న బండికి బ్యాంకు ఎన్‌వోసీతో పాటు ఫారం 35. పేరు మార్పుకు 29, 30. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మీ పేరు మీదకు మార్పించుకోండి.

ఛార్జర్ సంగతి మేం దాదాపు మర్చిపోయాం. గోడకు బిగించిన ఛార్జర్ పాత యజమాని గోడకే ఉండిపోతుంది. బండితో వచ్చిన పోర్టబుల్ ఛార్జర్ అడిగి డిక్కీలో పెట్టించుకోండి. ఇంటికి తేగానే ఎర్తింగ్ చూపించుకోండి, అది సరిగా లేకపోతే చాలా ఛార్జర్లు పని చేయవు. అద్దె ఇంట్లో ఉండి, సొంత సాకెట్ లేకపోతే కొత్తదైనా పాతదైనా ఈవీ ఇప్పుడే వద్దని చెప్తాను.

మా అక్క ఒక్క ప్రశ్న వేసింది. 2018లో తిత్లీ తుఫానుకు పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు, అప్పుడేం చేస్తావని. అందుకే ఇప్పుడు తుఫాను హెచ్చరిక వినగానే బావ ముందు కారును నూరు శాతం నింపి పెడతారు. నిండుగా ఉంటే ఆయన డ్యూటీకి దాదాపు మూడు రోజులు వస్తుంది. ఆ మాట చెప్పాకే అక్క బండి ఎక్కింది. మొదటి ప్రయాణం అరసవల్లికి.