టాట్రా ఇంజన్: పన్నెండు సిలిండర్ల పని ఎనిమిదింటితో ఎలా?

[తెర: బ్రహ్మోస్ లాంచర్‌తో పన్నెండు చక్రాల టాట్రా ట్రక్కు]

బ్రహ్మోస్ క్షిపణుల్ని మన హైదరాబాద్‌లో కూడా జోడిస్తారు. వాటిని మోసే ఈ టాట్రా చూడండి, చెక్ కంపెనీ ట్రక్కు ఇది. సొంత ఇంజన్ ఉన్న టాట్రాలో నీళ్ల రేడియేటర్ ఉండదు. ఇంజన్‌ను చల్లబరిచేది గాలే.

[తెర: నాలుగు ఇంజన్ల పట్టిక]

1942 నాటి టీ111 మోడల్‌లో 14.8 లీటర్ల వీ12 (వీ ఆకారంలో రెండు వరుసలుగా పన్నెండు సిలిండర్లు), మొదట్లో 210 హార్స్‌పవర్. 1967లో వచ్చిన టీ813లో 17.6 లీటర్లు, 250. లీటరుకు లెక్కేస్తే రెండూ పద్నాలుగే! అంటే బలం పెరిగింది సైజు పెంచినందుకే. 1983 నుంచి వచ్చిన టీ815లో సిలిండర్ వ్యాసం 120 మిల్లీమీటర్లే ఉంచి, స్ట్రోక్‌ను, అంటే పిస్టన్ కదిలే దూరాన్ని, 130 నుంచి 140కి పెంచారు. వీ12 19 లీటర్లైంది, 320 ఇచ్చింది.

అసలు మలుపు ఆ తర్వాతే. అదే కొలతల సిలిండర్లు ఎనిమిది, 12.7 లీటర్లు. టర్బో, ఇంటర్‌కూలర్ తగిలించాక ఒక రకంలో 408 హార్స్‌పవర్, అంటే లీటరుకు 32. టర్బో గాలిని ఒత్తి పంపుతుంది, ఇంటర్‌కూలర్ ఆ గాలిని చల్లార్చి చిక్కబరుస్తుంది. ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి డీజిల్ ఎక్కువ కాలుతుంది. వేడీ అంతే పెరుగుతుంది, అందుకే ఫిన్ల (వేడిని గాలికి వదిలే, సిలిండర్ చుట్టూ ఉండే పలుచని రెక్కల) శుభ్రత ఇప్పుడు ఇంకా ముఖ్యం.

[తెర: ఫిన్ల క్లోజప్]

ఫ్యాన్ గాలి రెండు వరుసల సిలిండర్ల మధ్యకు వచ్చి, ఫిన్ల సందుల్లోంచి బయటికి పోతుంది. పుష్‌రాడ్ (వాల్వుల్ని తెరిపించే కడ్డీ) గొట్టాల సీలు కారితే ఆయిల్, దుమ్ము కలిసి అక్కడ గట్టిపడతాయి. ఆ ఒక్క సిలిండరే కాగుతుంది. ఆయిల్ టెంపరేచర్ ముల్లు మాత్రం మామూలుగానే ఉంటుంది. చివరికి పిస్టన్ పట్టేస్తుంది.

ముందు లీకు ఆపండి. గాలిని దారిలో పెట్టే రేకులు విప్పి, పొడి బ్రష్‌తో గీకి, కంప్రెసర్ గాలిని బయటి వైపు నుంచి లోపలికి కొట్టండి. అంటే ఫ్యాన్ గాలికి ఎదురుగా. రేకులన్నీ తిరిగి బిగించాలి. ఒక్కటి లేకున్నా గాలి ఆ సందులోంచి జారిపోతుంది.

ఇందులో బాగా మెచ్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ప్రతి సిలిండర్‌కూ హెడ్ విడిగా ఉంటుంది. పాడైనదాన్నొక్కదాన్నే విప్పితే చాలు.

టర్బో ఉన్న బండిని ఎక్కువ లోడు మీద నడిపాక వెంటనే ఆపకండి. రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. లేకపోతే కాగి ఉన్న టర్బో బేరింగ్‌లో నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది.