రెండూ రెండూ నాలుగు

శ్రోతలకు నమస్కారం.

మొన్న కరెంటు బిల్లు కడదామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే నెట్ పోయింది. క్రోమ్ బ్రౌజర్‌లో ఇలాంటప్పుడు బూడిదరంగు డైనోసార్ బొమ్మ ఒకటి కనబడుతుంది, చూసే ఉంటారు. అది ఉత్త బొమ్మే అనుకునేవాళ్ళు చాలామంది. స్పేస్ బార్ నొక్కండి, పరుగందుకుంటుంది! ఎదురుగా జెముడు చెట్లు, ఇంకాస్త దూరం పోయాక మీదికొచ్చే పక్షులు. దూకాలి, వంగాలి, అంతే ఆట. గూగుల్ వాళ్ళు 2014లో పెట్టారు. నెట్ లేకపోతే డైనోసార్ల కాలానికి పోయినట్టేనని వాళ్ళ చమత్కారం. బడిపిల్లలూ, పనిలో ఉండాల్సిన పెద్దలూ దీనికి ఎంతగా అతుక్కుపోయారంటే, కావాలంటే దీన్ని ఆపేసుకునే వీలు కూడా గూగులే కల్పించాల్సి వచ్చింది.

ఈ బాపతు ఆటలంటే నాకు మహా ఇష్టం. డబ్బు కట్టక్కర్లేదు, ఏదీ డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు, పేరూ ఫోన్ నంబరూ అడగవు. పాత గుళ్ళలో మండపం బండల మీద పులి-మేక గళ్ళు చెక్కి ఉంటాయి కదా! నాలుగు గులకరాళ్ళు ఏరుకుని ఎవరైనా కూర్చోవచ్చు, ఎప్పుడైనా లేచిపోవచ్చు. ఇవీ అలాంటివే.

అన్నిట్లోకీ నా సాయంత్రాలు ఎక్కువ మింగింది మాత్రం 2048 అనే అంకెల ఆట. ఇటలీ కుర్రాడు గాబ్రియేలె చిరుల్లి 2014 మార్చిలో ఒక శని, ఆదివారాల్లో కూర్చుని రాసేశాడు. అప్పటికి అతని వయసు 19. కోడ్ కూడా అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఆలోచన పూర్తిగా అతనిది కాదు. అంతకుముందే త్రీస్ అని డబ్బు పెట్టి కొనుక్కునే ఆట ఒకటుంది. దాన్ని చేసినవాళ్ళు ఏడాదికి పైగా కష్టపడ్డారు. పేరేమో ఉచితంగా వచ్చిన తమ్ముడు కొట్టేశాడు. వాళ్ళ మనసు నొచ్చుకుందంటే తప్పుపట్టలేం.

ఆట చూడబోతే నాలుగు అడ్డం, నాలుగు నిలువు, 16 గళ్ళు. బాణం గుర్తు నొక్కితే పలకలన్నీ ఆ పక్కకి జారతాయి. ఒకే అంకె ఉన్నవి రెండు తగిలితే ఒకటైపోతాయి. రెండూ రెండూ నాలుగు, నాలుగూ నాలుగూ ఎనిమిది. ఎత్తు వేసిన ప్రతిసారీ ఖాళీ గడిలో కొత్త పలక పుడుతుంది. పదింట తొమ్మిదిసార్లు అది రెండే, ఎప్పుడో ఒకసారి నాలుగు. ఇలా కలుపుకుంటూ పోయి 2048 పలక చేయడమే గురి. ఆ లెక్కన అక్కడికి చేరేసరికి 900 పైచిలుకు ఎత్తులు వేయాలి. వేస్తున్నామన్న ధ్యాసే ఉండదు!

ఆడగా ఆడగా ఒక కిటుకు పట్టుబడుతుంది. పెద్ద అంకెని ఒక మూలకి చేర్చి, దాన్ని కదపకూడదు. నాకు కింద కుడి మూల అలవాటు. కుడికీ కిందికీ నొక్కుకుంటూ పోతాను, పై బాణం జోలికి పోను. కానీ ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటాం, పైకి తప్ప దారి ఉండదు. ఊపిరి బిగబట్టి నొక్కుతాం. 1024 ఒక మెట్టు ఎక్కుతుంది, ఖాళీ అయిన మూలలోకి ముక్కూ మొహం తెలియని రెండొకటి వచ్చి బాసింపట్టు వేసుక్కూర్చుంటుంది. ఇక దాన్ని లేపడం మన తరం కాదు.

ఓడినా కోపం రాదెందుకో. తప్పు నాదేనని కళ్ళెదుటే కనబడుతుంది కాబట్టేమో. గడియారం తరమదు. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని లేచెళ్ళినా, ఆట ఎక్కడిదక్కడే ఉంటుంది. ఫోన్లలో కొన్ని ఆటలుంటాయి, ప్రాణాలైపోయాయి, అరగంట ఆగు లేదా డబ్బు కట్టు అంటాయి. అవి ఆటలో, వడ్డీ వ్యాపారాలో నాకర్థం కాదు. దాచిన ఇంగ్లీషు మాటని కనుక్కునే ఆట వర్డిల్ ఇంకా మర్యాదస్థురాలు. రోజుకొక్క మాట, ఆరు ప్రయత్నాలు, ఇక రేపు రా అంటుంది.

2048 దాటినా ఆట ఆగనక్కర్లేదు, 4096 ఉంది, ఆ పైనా ఉన్నాయి. నేనింకా 4096 మొహం చూడలేదు. నిన్న రాత్రి దాదాపు చూశాను. పై బాణం నొక్కాల్సొచ్చింది.

కరెంటు బిల్లు ఇంకా కట్టలేదు. ఉంటాను మరి, సెలవు.